వరస బయట

మంగళవారం. మంచు దట్టం.

తెల్లారేసరికి వలలు బరువుగా వేలాడుతున్నాయి. గాలి పడమటి నుంచి వీచిన రోజున ఇలాగే ఉంటుంది. కొండవాలు పొడుగునా నిలబెట్టిన వలలన్నీ రాత్రంతా మంచు తాగి, పొద్దున్నే గొట్టాల్లోకి నీళ్ళు వదులుతాయి. మంచుగొండ ఊరికి తాగునీరు అదే. పైగట్టు వలలో ఒకచోట కళ్ళు తెగి, చెయ్యి దూరేంత కంత పడింది. అక్కడే కూర్చుని అల్లాను. ఒకప్పుడు చేపల కోసం అల్లిన చేతులు ఇప్పుడు మంచు కోసం అల్లుతున్నాయి. కన్ను చిన్నది, అంతే తేడా.

నేను ఏం చేశానో, ఎవరితో మాట్లాడానో రాసి ఇవ్వాలన్నది ఒప్పందం. అందుకని రాస్తున్నాను.

నీళ్ళ తొట్టి దగ్గర ఆడవాళ్ళంతా ఎండుచేపల గురించే మాట్లాడుకుంటున్నారు. నెత్తళ్ళ పులుసు, ఎండురొయ్యల వేపుడు అంటూ ఒకరి మాట మీద ఇంకొకరు పడుతున్నారు. ఈ కొండ మీదికి ఎండుచేప వచ్చి ఏళ్ళయింది. మొన్నటిదాకా ఎవరూ దాని ఊసెత్తలేదు. అందరికీ ఒక్కసారే ఎలా గుర్తొచ్చిందని అడిగాను. ఒకామె నవ్వింది.

"నీకు రానేదేటి?" అని, వెంటనే నాలుక కరుచుకుంది. "అయ్యో, నువ్వు తూకం మనిసివి గదా."

అవును. నా చెవి వెనక బిళ్ళ లేదు. మా ఇంటి గోడ ఉట్టి గోడే. మిగతా అందరికీ వరస వస్తుంది. లేచేసరికి గోడ మీద బొమ్మలు, దారిలో నడుస్తుంటే చెవిలో మాట, చూడాల్సినవీ వినాల్సినవీ ఒకదాని వెనక ఒకటి, ఎవరికి తగ్గట్టు వాళ్ళకి. వరస మొదలుపెట్టిన రోజున ఊరి చట్టంలో ఒక షరతు రాశారు. కొంతమందిని బయటే ఉంచాలి, వాళ్ళతో పోల్చి చూస్తేనే వరస మనుషుల్ని ఎటు నడుపుతోందో తెలుస్తుంది అని. చీటీలు తీస్తే నా పేరు వచ్చింది. వద్దనవచ్చు. నేను అనలేదు. మా ఆయన దాసయ్య చనిపోయిన ఏడాది అది. ఎవరి మాటా చెవిన పడకుండా ఉంటే బాగుండునని అనిపించే రోజులు.

సాయంత్రం ఎల్లాజీ మావ వచ్చాడు. ఆయనా తూకం మనిషే. పూర్వం పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. కొండ మీద పడవలెక్కడివి, అందుకని నాతో దాడి ఆట ఆడతాడు. గచ్చు మీద బొగ్గుతో గీతలు గీస్తే ఆయనవి గులకరాళ్ళు, నావి చింతపిక్కలు. ఓడిపోతున్నప్పుడు దగ్గు వస్తుంది ఆయనకి.

"కోడలా, ఊరందరికీ ఎండుసేప మీద మనసు పోయిందేటి?" అన్నాడు.

"నానూ అదే అడిగినాను మావా. పిచ్చిదాన్ని సూసినట్టు సూసినారు."

"అందరికీ పోయి మన ఇద్దరికే పోనేదంటే మనమే ఎర్రోలం మరి," అని దగ్గాడు.

శుక్రవారం. మంచు పలచన.

కొలతల ఆఫీసుకు వెళ్ళే రోజు. అక్కడ చంద్రకళ గారని, మనస్తత్వశాస్త్రం చదివినావిడ ఉంటారు. నెలకోసారి ఆవిడ ముందు కూర్చుని జవాబులు చెప్పాలి. ఏం తిన్నారు, ఏం కొనాలనిపించింది, ఎవరి మీద కోపం వచ్చింది, నిద్ర పట్టిందా. నా జవాబులు ఒక పళ్ళెంలోనూ ఊరివాళ్ళవి ఇంకో పళ్ళెంలోనూ వేసి తూస్తారట. తూకం మనుషులన్న పేరు అలా వచ్చింది.

బయట బల్ల మీద ఎప్పుడూ నాకంటే ముందు వచ్చి కూర్చునే భార్యాభర్తలు ఈసారి లేరు.

"వాళ్ళు వరసలో చేరిపోయారండీ," అంది చంద్రకళ గారు. "ఇక మీరూ, ఎల్లాజీ గారూ. అంతే."

ఎందుకు చేరారని నేను అడగలేదు. నాకు తెలుసు.

చాలా రోజులుగా మనసులో ఉన్న మాట మాత్రం అడిగాను. "అది మనుసులకి అబద్దాలు సెప్తాదా అండీ?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఇంతవరకూ ఒక్క అబద్ధం చెప్పలేదు. ఏది ముందు చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో దానికి బాగా తెలుసు. ఏ బొమ్మ దగ్గర మీ కన్ను ఆగిందో చూస్తుంది. అలసిపోయి ఉన్నారా, ఎవరితోనైనా మాటామాటా అనుకుని వచ్చారా, అదీ చూస్తుంది. ఆ వేళకి సరిపడే నిజాన్ని తీసి ముందు పెడుతుంది. మిగతాది మీరే చేసుకుంటారు."

ఆ తరువాత ప్రశ్నల్లో కొత్తది ఒకటి వచ్చింది. సముద్రం గుర్తొస్తోందా?

"రాని రోజేదండీ," అన్నాను.

ఆవిడ రాయబోయి ఆగింది. "ఎప్పటినుంచి?"

"కొండెక్కిన కాడినుంచి."

అది రాసుకుని చాలాసేపు ఆ కాగితాన్నే చూస్తూ కూర్చుంది. నేను లేచి వచ్చేశాను.

ఆదివారం. ఎండ.

మంచు లేదు. వలలు ఆరిపోయాయి. చేతికి పని లేక పక్కవాటాలో ఉన్న మా చెల్లెలు కనకం దగ్గరికి వెళ్ళాను. గోడ నిండా సముద్రం. తెల్లటి కెరటం వచ్చి ఇసుక మీద విరిగి, నురగ వెనక్కి జారుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కనకం మాత్రం గోడకు ఎదురుగా కాళ్ళు చాపుకుని, వేడి అన్నం తిన్నవాళ్ళలా ప్రశాంతంగా కూర్చుంది.

"తీరాన కొత్త ఊరు కడతన్నారప్పా," అంది. "ఎత్తయిన గోడ. గోడెనక ఇల్లు. ఈ కొండ వొదిలేసి అందరం దిగిపోవొచ్చట. వోటు పెడతారు. నాను ఎల్దామనే ఏస్తాను. నాకు సముద్రం కావాల."

కనకం ఎవరో చదివేవాళ్ళకు తెలియాలి. ఉప్పెన వచ్చి పాత గోడ కూలిన నాడు మా పేటంతా నీళ్ళలో ఉంది. దాసయ్య మెడలోతు నీళ్ళలో నిలబడి కనకాన్ని ఎత్తి ఇంటి కప్పు మీదికి తోశాడు. తను ఎక్కబోయేలోపు కెరటం తీసుకుపోయింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు కనకం బిందెలో నీళ్ళు పోస్తున్న చప్పుడు వింటే చెవులు మూసుకునేది. మంచువలల పనికి రానని మొండికేసింది, నీళ్ళు కారే చప్పుడు భరించలేక.

"నీకు సముద్రమంటే బయం గదే," అన్నాను మెల్లగా.

"నాకా? ఎప్పుడు?"

"కనకం..."

"నాకెప్పుడూ ఇష్టమే అప్పా. సిన్నప్పుడు ఇసకలో గవ్వలేరీవోలం, గుర్తు నేదా? నువ్వే మర్సిపోనావు."

అబద్ధం ఆడుతున్న ముఖం కాదది. గవ్వలు ఏరుకున్నదీ నిజమే. ఆ గవ్వల్నే తీసి తీసి ముందు పెట్టారు కాబోలు, మిగతాది వెనక్కి పోయింది. నేను దాసయ్య పేరు ఎత్తబోయాను. ఎత్తలేకపోయాను. ఇన్నేళ్ళ తరువాత దాని కళ్ళ కింద నలుపు పోయింది. రాత్రిళ్ళు కేకలు వెయ్యడం లేదు. దాని నిద్ర నేనెందుకు చెడగొట్టాలి?

వాకిట్లోకి వచ్చాక కూడా నా చెవిలో ఆ కెరటం చప్పుడు ఆగలేదు.

గురువారం. మంచు దట్టం.

ఎల్లాజీ మావ ఈ రోజు గులకరాళ్ళు తీయలేదు. గట్టు మీద కూర్చుని చేతులు చూసుకుంటున్నాడు.

"మా మనవరాలికి పేరెట్టినారట కోడలా," అన్నాడు.

"ఎప్పుడు?"

"మొన్న. వీదంతా భోజనాలకి ఎల్లినారు. నాకు ఈ రోజు తెలిసినాది."

వాళ్ళమ్మాయి ఇల్లు ఈ కొండ మీదే, రెండు వీధుల అవతల. ఆ అమ్మాయికి తండ్రంటే ప్రాణం. నేను ఆ మాటే అన్నాను.

"అదీ ఏడిసినాది," అన్నాడు. "నన్ను సూసి, అయ్యో నాన్నా నీకు సెప్పనేదా అని బోరుమన్నాది. పిలుపులన్నీ వరసలో ఎల్లిపోనాయి. వరస బయటున్నోడు మనుసులో ఉన్నా గుర్తుకి రాడు. దాని తప్పేటి నేదు."

వలల మీంచి నీటిచుక్కలు జారుతున్నాయి.

"నాను బిల్ల పెట్టించుకుంతాను కోడలా."

"మావా, అది ఎటు తోల్తే అటు పోవాల. తెలుసు గదా నీకు."

"తెలుసు. తోలనీ. తోలడానికైనా ఒకడుండాల గదా మనిసికి."

లేచి వెళుతూ నా తల మీద చెయ్యి పెట్టాడు. "ఎక్కడికీ పోను. రోజూ వొస్తాను, ఆటకి," అన్నాడు.

బుధవారం. మంచు పలచన.

ఆయన రావడం లేదు.

సంతలో కనిపించాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, ముఖం నిండుగా ఉంది. చుట్టూ ముసలాళ్ళు నలుగురున్నారు, అందరూ ఒకే మాటకు ఒకేసారి నవ్వుతున్నారు. నన్ను చూడగానే గబగబా వచ్చి, "కోడలా, సాయంత్రం వొస్తాను, తప్పకుండా," అన్నాడు. నిజంగానే అన్నాడు. రావాలనే అనుకుని ఉంటాడు. ఇంటికి చేరేలోపు చెవిలో ఇంకేదో వచ్చి ఉంటుంది, దాని వెనక మరోటి. సాయంత్రం గడిచిపోయి ఉంటుంది. ఎవరినని తప్పుపట్టను?

గచ్చు మీద గీతలు గీసి నేనే రెండువైపులా ఆడాను. నాకు నేను ఎత్తు వేస్తే దాన్ని చూసీ చూడనట్టు ఊరుకోవాలి. అది నా వల్ల కాలేదు. చెరిపేశాను.

శనివారం. మంచు.

బియ్యం కొట్టుకు వెళ్ళి మాట్లాడబోతే గొంతు రాలేదు. దగ్గి, సవరించుకుని, మళ్ళీ అడగాల్సి వచ్చింది. ఎప్పటినుంచి మాట్లాడలేదో లెక్క చూసుకోబోయి మానేశాను.

దారిలో ఎదురైనవాళ్ళు నవ్వుతారు. ఆ నవ్వు నాకో, వాళ్ళ చెవిలో మాటకో తెలియదు. తిరిగి నవ్వాలా వద్దా అని ఆలోచించేలోపు దాటిపోతారు. ఈమధ్య నేను ముందే తల దించుకుంటున్నాను.

వలలతో మాట్లాడుతున్నాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాశాను.

సోమవారం. వాన.

చంద్రకళ గారు గొడుగేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆఫీసువాళ్ళు ఇళ్ళకు రారు. పీట వేశాను. తల తుడుచుకోవడానికి తువ్వాలు ఇచ్చాను.

"ఇప్పుడు మీరొక్కరే మిగిలారు ముత్యాలు గారూ," అంది. "వోటు కంటే ముందు సభలో మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు. ఊరంతా తీరానికి దిగిపోదాం అంటోంది. వరస బయట ఉన్న మనిషి కూడా అదే అంటే, ఇది జనం సొంత కోరికేనని తేల్చేస్తారు. వలలు పీకేస్తారు, కొండ ఖాళీ చేసేస్తారు. ఉంటామన్నవాళ్ళు కూడా ఉండలేరు, నీళ్ళుండవు."

"నాను వొద్దంటే?"

"ఇప్పటికే ఎక్కువ చెప్పేశానండీ. ఇంకా చెబితే నేనూ వరసనే అవుతాను."

వాన చూరు నుంచి ధారగా పడుతోంది. ఎందుకో అడగాలనిపించి అడిగాను. "ఆ కొత్తూరి గోడ కింద ఏటుంది?"

ఆవిడ తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. "అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇసుక. పాత గోడ కింద ఉన్న ఇసుకే. కొన్నేళ్ళు నిలబడుతుంది, ఎన్నేళ్ళో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ మాట వరస దాచలేదు. అందరికీ చూపించింది. పసిపిల్లల నవ్వుల తరువాత, కళ్ళు మూతలు పడే వేళకి చూపించింది."

"మరి మీరెల్తారా?"

"వెళ్ళాలనే ఉంది," అంది. ఆ మాట అన్నాక ఆవిడ ముఖంలో రంగు మారింది. "నేను కొండల్లో పుట్టాను. సముద్రం ఎప్పుడూ చూడలేదు. అయినా కళ్ళు మూసుకుంటే దాని వాసన వస్తోంది. ఆ వాసన నాదో కాదో నాకు తెలియడం లేదు ముత్యాలు గారూ. ఇన్నేళ్ళు ఇదే చదువుకున్నాను. అయినా తెలియడం లేదు."

నా కంటే వయసులో చిన్నది. నేనిచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది, మళ్ళీ వెచ్చబెట్టి ఇచ్చాను.

ఆవిడ వెళ్ళాక కనకం వచ్చింది. "అప్పా, బిల్ల పెట్టించుకో. అందరం కలిసి దిగిపోదాం. ఇక్కడ ఒక్కర్తివీ ఏటి సేస్తావు?" అంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఎవరైనా నన్ను అలా పట్టుకుని ఎన్నాళ్ళయింది! ఆ వెచ్చదనం కోసమే సరేననాలనిపించింది. వరస ఎలా పనిచేస్తుందో నాకప్పుడు అర్థమైంది. నాకు మా చెల్లెలి చెయ్యి, వాళ్ళకు గోడ మీది బొమ్మ.

బుధవారం. మంచు దట్టం.

సభ జరిగింది. అధ్యక్షుడు గట్టి మనిషి, మాట మెత్తన. "చూడమ్మా, ఒక్కటే ప్రశ్న. తీరానికి వెళ్ళడం నీకు కావాలా, వద్దా?" అన్నాడు.

హాలు నిండిపోయింది. ముందు వరుసలో కనకం, పక్కన ఎల్లాజీ మావ. రాత్రంతా నేను ఒకటే ఆలోచించాను. వద్దంటే అబద్ధం. నాకు సముద్రం కావాలి. పొద్దున్న లేవగానే కావాలి, వల అల్లుతుంటే కావాలి. ఎవరూ చూపించకుండానే, ఎవరూ చెవిలో చెప్పకుండానే కావాలి. కానీ కావాలంటే కనకాన్ని ఆ ఇసుక మీదికి నేనే పంపినట్టు.

"కావాల," అన్నాను.

హాల్లో ఒక్కసారి చప్పుడు లేచింది. అధ్యక్షుడు కలం తీశాడు.

"కావాల, గాని ఎల్లను."

"అదెలాగమ్మా? ఏదో ఒకటి చెప్పాలి."

"రెండూ నిజమేనండీ," అన్నాను. గొంతు మళ్ళీ బొంగురుపోయింది, ఆగి సవరించుకున్నాను. "కోరికైతే రోజూ పుడతాది. పుట్టినాక దాన్ని పక్కనెట్టి, అన్నం వొండుకుని, వల అల్లుకుని, మా ఆయన్ని తలుసుకుని, మల్లీ దాని మొకం సూస్తాను. అప్పుడు ఎల్లకూడదని తెలుస్తాది. నాకు ఆ యవధి ఉన్నాది. వీల్లకి నేదు. కోరిక పుట్టినాదో నేదో, ఎంటనే ఇంకోటి వొచ్చి దాని మీద కూకుంతాది. కావాలో వొద్దో వీల్లు ఎప్పుడు ఇసారించుకుంతారు?"

అధ్యక్షుడు కలం బల్ల మీద పెట్టాడు. "ఇది జవాబు కాదు. కావాలి అని రాసుకుందాం."

అప్పుడు చంద్రకళ గారు లేచి నిలబడింది. "అలా రాయడానికి వీల్లేదండీ. ఆమె జవాబు రెండు పళ్ళేల్లోనూ ఉంది. తూకం తేలలేదు. తూకం తేలకపోతే వరస వారం పాటు ఆపి జనాన్ని అడగాలని చట్టంలో ఉంది. నేను కొలతల అధికారిని. ఆపమని రాసి ఇస్తున్నాను."

నిలబడే కాగితం మీద సంతకం చేసింది.

గురువారం. మంచు దట్టం.

వరస ఆగింది.

పొద్దున్న వీధిలోకి వస్తే అందరూ గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్ళడం లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. ఒకాయన చెవి వెనక గోక్కుని గోక్కుని రక్తం తెచ్చుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. విడదీశాక ఎందుకు కొట్టుకున్నారో ఇద్దరికీ తెలియలేదు. ఇదంతా నీ వల్లేనని ఒకామె నా గుమ్మం ముందు దుమ్మెత్తి పోసింది.

మధ్యాహ్నానికి కనకం వచ్చి వలల కింద కూర్చుంది.

"ఇప్పుడేటి సెయ్యాల అప్పా?"

"ఏటీ సెయ్యక్కర్నేదు. కూకో."

"ఎంతసేపు?"

"లెగాలనిపించీదాకా."

సూది చేతికిచ్చాను. సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. చీకటి పడేసరికి వీధి సగం వచ్చింది. ఊరికే ఎలా కూర్చోవాలో కొండ మీద నాకొక్కదానికే తెలుసునని వాళ్ళకు తోచినట్టుంది.

ఆదివారం. మంచు.

వల నుంచి నీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. కనకం ఉన్నట్టుండి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుని అరిచింది. నేను పరిగెత్తాను.

"బావ సెయ్యి," అంటోంది. "బావ సెయ్యి నా కాలి కింద ఉన్నాది. నన్ను తోసినాడు. నాను దాన్ని పట్టుకోనేదు అప్పా, కప్పు పట్టుకున్నాను. నాను ఇదెలాగ మర్సిపోయాను? ఇన్నాల్లు ఎక్కడికెల్లినాది ఇది?"

ఇద్దరం తడినేల మీదే కూర్చుని ఏడ్చాం. దాసయ్య పోయినప్పటినుంచి ఆయన కోసం నాతోపాటు ఇంకొకరు ఏడవడం అదే మొదలు.

ఎల్లాజీ మావ ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. ఏడుపు తగ్గాక దగ్గరికి వచ్చాడు. "కోడలా, నానూ ఇసారించుకున్నాను. బిల్ల మాటాడకపోయినా నాకు ఎల్లాలనే ఉన్నాది. ఇసకని తెలిసీ ఉన్నాది. ఇంకెన్నేల్లు బతుకుతాను? ఇంజన్ సప్పుడు ఇనుకుంటా పోతాను. ఇది నాదే కోడలా. మరొకడిది కాదు."

ఆయన కళ్ళలోకి చూశాను. ఆయనదే.

బుధవారం. మంచు పలచన.

వోటు అయింది. ఊరు దిగిపోవాలన్నవాళ్ళు సగం కూడా లేరు. వెళ్ళేవాళ్ళు వెళ్ళవచ్చు, వలలు ఉంటాయి, కొండ ఉంటుంది అని సభ తేల్చింది.

అదే కాగితం మీద రెండో ప్రశ్న, వరస మళ్ళీ కావాలా అని. దాదాపు అందరూ కావాలన్నారు.

కనకం నా దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడింది. "నాను బిల్ల పెట్టుకుంతాను అప్పా. ఆ సెయ్యి నాను మొయ్యనేను. నాను సముద్రం వొద్దన్నానని నువ్వు గుర్తెట్టుకో. మల్లీ కావాలని వొస్తే నా కాలు ఇరగ్గొట్టు."

వద్దనలేకపోయాను. అది మొయ్యలేదు. నేను మొయ్యగలను, అంతే. నుదుటి మీద ముద్దుపెట్టి పంపాను. పెట్టుకున్న కాసేపటికే గోడవతల దాని నవ్వు వినిపించింది.

చంద్రకళ గారు వచ్చి, తూకం మనిషిగా కొనసాగుతారా అని అడిగింది. బలవంతం లేదు, చేరాలంటే ఈ రోజే చేరవచ్చు అంది. ఆవిడ తన బిళ్ళ పెట్టుకునే ఉంది.

"మీరు పెట్టుకున్నారే," అన్నాను.

"తీసి చూశానండీ, మొదటి రెండు రోజులూ. తరువాత నా వల్ల కాలేదు." సిగ్గుపడుతూ నవ్వింది. "మీరు ఉన్నారని తెలిస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఉంటానన్నాను.

శుక్రవారం. ఎండ.

వెళ్ళేవాళ్ళ బండ్లు దిగిపోయాయి. ఎల్లాజీ మావ చెయ్యి ఊపాడు, నేనూ ఊపాను. మలుపు తిరిగేదాకా చూశాను. అక్కడినుంచి చాలా కింద, నీలంగా ఒక గీత కనిపించింది. అది సముద్రమో, ఆకాశమో.

వలల కింద ఎవరూ లేరు. వారం పాటు కూర్చున్నవాళ్ళ గుర్తుగా గడ్డి అణిగిపోయి ఉంది. వర్షాలు పడితే అదీ లేస్తుంది.

మార్గశిరం మొదట్లో. మంచు దట్టం.

మధ్యలో రాయలేదు. రాయడానికి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ రోజు పొద్దున్న తీరం నుంచి ఉప్పు బండి వచ్చింది. దించడం అయ్యాక డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ పైకి వచ్చాడు. నడివయసు మనిషి, పేరు పోలినాయుడు. మెట్లెక్కి ఆయాసపడుతున్నాడు.

"ముత్యాలమ్మంటే మీరేనా? ఎల్లాజీ ముసలాయన మీకో మాట సెప్పమన్నాడు. వరసలో పంపుదామంటే మీరు నేరట. నోటితో సెప్పమన్నాడు."

"సెప్పండి," అన్నాను. గొంతు సరిగ్గానే వచ్చింది.

ఆయన తల గోక్కున్నాడు. "నిన్న బాగానే గుర్తున్నాది. ఆగండి... ఆఁ. ఇంజనొకటి దొరికినాదట, నడుస్తన్నాదట. కీలు నొప్పులు తగ్గినాయట. సాయంత్రాలు మీరు గుర్తొస్తారట. ఇంకేదో ఉన్నాది. కెరటం గురించి. అది మర్సిపోనాను, ఏటనుకోకండి."

"పర్లేదు," అన్నాను. "ఇంతదూరం మోసుకొచ్చినారు."

"మరి ఆయనకేటి సెప్పమంటారు?"

నేను నోరు తెరిచాను. చెప్పాల్సినవి ఎన్నో ఉన్నాయి, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చెప్పాలో తెలియలేదు. ఆలస్యం అవుతుందేమో, మీరు వెళ్ళండి అన్నాను.

పోలినాయుడు కిందికి చూసి, బండి దగ్గర ఉన్నవాళ్ళకు ఇంజను ఆపెయ్యమని కేక వేశాడు. తరువాత తువ్వాలు దులిపి నా గట్టు మీద పరుచుకుని కూర్చున్నాడు.

"ఇసారించుకుని సెప్పండమ్మా," అన్నాడు. "నాను కూకుంతాను."